అగ్రరాజ్యాల పోటీ వార్తను చదవడం ఎలా: ముకుతాడు ఎవరి చేతిలో ఉందో చూడండి

2025 ఏప్రిల్‌లో అమెరికా, చైనా పోటాపోటీగా సుంకాలు పెంచుకుంటూ పోయిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చైనా సరుకుల మీద అమెరికా సుంకం 145 శాతానికి, అమెరికా సరుకుల మీద చైనా సుంకం 125 శాతానికి చేరాయి. అదే నెల 4వ తేదీన చైనా మరో ప్రకటన చేసింది. సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, యిట్రియం అనే ఏడు రేర్ ఎర్త్ (అరుదైన లోహ) మూలకాలు గాని, వాటితో తయారైన అయస్కాంతాలు గాని ప్రభుత్వ లైసెన్సు లేకుండా దేశం దాటకూడదన్నది ఆ ప్రకటన సారాంశం. నోరు తిరగని ఆ పేర్లను సామాన్య పాఠకులలో పట్టించుకున్నవారు తక్కువ. అయితే ఏడాది చివరికి రెండు దేశాల మధ్య బేరం కుదిరినప్పుడు, బల్ల మీద అన్నిటికంటే బరువుగా కూర్చున్నది ఆ ఏడు మూలకాల లైసెన్సే.

ఇలాంటి వార్తలలో ఏది బరువైనదో, ఏది పెద్ద శబ్దం మాత్రమేనో పోల్చుకునే పద్ధతిని ఒక సాధారణ పాఠకుడికి అందేలా చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. దీనికి అంతర్జాతీయ సంబంధాలలో పట్టా అవసరం లేదు. వ్యవసాయం తెలిసిన ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలిసిన ఒక విషయం చాలు: ఎద్దు ఎంత బలిసినా, దాన్ని నడిపేది ముకుతాడు పట్టుకున్న చెయ్యి. రాజ్యాల మధ్య కూడా ఎవరి ముకుతాడు ఎవరి చేతిలో ఉందన్నదే మొదట అడగవలసిన ప్రశ్న, తక్కిన లెక్కలన్నీ దాని తరువాతే వస్తాయి.

ముందుగా ఒక పటం, ఒక నోటుపుస్తకం

గోడకు ఒక పెద్ద ప్రపంచపటం తగిలించుకోండి. రాజకీయ పటం కంటే సముద్రాలు, జలసంధులు స్పష్టంగా కనిపించే పటం మేలు. దానితోపాటు ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి పేజీని నాలుగు నిలువు గడులుగా గీయండి. మొదటి గడిలో ఎవరు ఏమన్నారు, రెండవ గడిలో ఎవరు ఏమి చేశారు, మూడవ గడిలో ఈ విషయంలో ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారు అన్నవి రాయాలి. నాలుగవ గడిని ఖాళీగా వదిలి, ఆరు నెలల తరువాత వచ్చి, చివరికి ఏమి జరిగిందో నింపాలి. మాటలు కోటలు దాటినా చేతలు గడప దాటని సందర్భాలు ఈ రంగంలో ఎన్ని ఉంటాయో మొదటి రెండు గడులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గాని తెలియదు.

అన్ని వార్తలనూ ఒకేసారి పట్టుకోవాలని చూడవద్దు. ఒక ఏడాదికి ఒక తీగను ఎంచుకుంటే చాలు: చిప్‌లు గాని, రేర్ ఎర్త్ మూలకాలు గాని, చమురు గాని, తైవాన్ జలసంధి గాని. ఒక తీగను ఏడాదిపాటు లాగినవారికి డొంకంతా కదులుతుంది. మరొక మాట కూడా చెప్పాలి. టీవీ తెర మీద "మూడో ప్రపంచ యుద్ధం" అన్న అక్షరాలు కనిపించిన రోజున నోటుపుస్తకంలో తేదీ, జరిగిన పని మాత్రమే రాసి మూసేయండి. ఆ రోజు ఏర్పరచుకున్న అభిప్రాయం రెండు వారాలు కూడా నిలవదని నా అనుభవం.

అంకెలను చూసేటప్పుడు

బలాబలాల గురించి రాసే ప్రతి వ్యాసమూ స్థూల దేశీయోత్పత్తితో మొదలవుతుంది. 2024లో అమెరికా ఉత్పత్తి సుమారు 29 లక్షల కోట్ల డాలర్లు, చైనాది 19 లక్షల కోట్లకు కొంచెం తక్కువ, మన దేశానిది 4 లక్షల కోట్లకు కొంచెం తక్కువ. 2021లో చైనా ఉత్పత్తి అమెరికా ఉత్పత్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఉండేది. మూడేళ్లలో అది మూడింట రెండు వంతుల కిందికి జారింది. దీన్ని చూసి చైనా ఎదుగుదల ఆగిపోయిందని కొందరు తేల్చేస్తారు. అదే ఉత్పత్తిని మారకపు రేటుతో లెక్కించకుండా, ఆయా దేశాలలో డబ్బుకు ఎంత సరుకు వస్తుందన్న కొనుగోలు శక్తి లెక్కన చూస్తే, చైనా దాదాపు పదేళ్ల క్రితమే అమెరికాను దాటింది. రెండు లెక్కలూ నిజమే. బయటి దేశాల నుంచి చమురు, యంత్రాలు కొనే శక్తిని తెలుసుకోవాలంటే మొదటి లెక్క, సొంత గడ్డ మీద ఓడలు కట్టి సైనికులకు జీతాలిచ్చే శక్తిని తెలుసుకోవాలంటే రెండవ లెక్క పనికివస్తుంది. వ్యాసకర్త ఏ లెక్క వాడాడో చెప్పకపోతే ఆ వ్యాసాన్ని అనుమానంతో చదవాలి.

సైనిక వ్యయం విషయమూ అంతే. స్టాక్‌హోంలోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో అమెరికా 99,700 కోట్ల డాలర్లు, చైనా సుమారు 31,400 కోట్ల డాలర్లు, భారత్ 8,610 కోట్ల డాలర్లు ఖర్చు చేశాయి. పైకి చూస్తే అమెరికా బలం చైనాకు మూడింతలు. అయితే అమెరికా తన 11 విమానవాహక నౌకలను ప్రపంచంలోని సముద్రాలన్నిటికీ పంచాలి, చైనా తన మూడింటినీ ఇంటి ముంగిటనే ఉంచుకోవచ్చు. చైనా తీరం నుంచి తైవాన్‌కు దగ్గరి దూరం సుమారు 130 కిలోమీటర్లు, అమెరికా పడమటి తీరం నుంచి అక్కడికి చేరాలంటే పసిఫిక్ మహాసముద్రం మొత్తం దాటాలి. కాబట్టి "ఎవరికి ఎంత ఉంది" అన్న ప్రశ్న వెనకనే "ఎక్కడ, ఎన్నాళ్లలో" అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

నా దృష్టిలో వీటన్నిటికంటే ఎక్కువ చెప్పే అంకె ఓడల తయారీది. ప్రపంచంలో కట్టే వాణిజ్య నౌకలలో సగానికి పైగా ఇప్పుడు చైనా రేవులలో తయారవుతున్నాయి, అమెరికా వాటా 1 శాతం కూడా లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికాను గెలిపించిన శక్తులలో మునిగిన ఓడ కంటే వేగంగా కొత్త ఓడను కట్టగల నేర్పు ఒకటని గుర్తుంచుకుంటే, ఈ ఒక్క అంకె వాషింగ్టన్‌లో ఎందుకంత కలవరం పుట్టిస్తుందో అర్థమవుతుంది. ఉన్న బలాన్ని చెప్పే అంకెలు ఒక రకం, పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకునే శక్తిని చెప్పే అంకెలు మరొక రకం. పత్రికల్లో మొదటి రకమే ఎక్కువగా వస్తుంది. రెండవ రకం మీరు వెతుక్కోవాలి.

ముకుతాడును గుర్తుపట్టడం

ఒక దేశం మరొక దేశం మీద ఆధారపడినంత మాత్రాన అది ముకుతాడు కాదు. మనం మలేసియా నుంచి పామాయిల్ కొంటాం, రేపు వారు ఇవ్వకపోతే ఇండోనేసియా దగ్గర కొంటాం. ముకుతాడు కావాలంటే మూడు గుణాలు ఉండాలి: సరుకు లేకపోతే పని ఆగిపోవాలి, మరొకచోట దొరకకూడదు, సొంతంగా తయారు చేసుకోవడానికి ఏళ్లు పట్టాలి. ఏ వార్త చదివినా ఈ మూడు ప్రశ్నలు వరుసగా వేయండి.

రేర్ ఎర్త్ మూలకాలు ఈ మూడు పరీక్షలకూ నిలుస్తాయి. పేరులో అరుదు అని ఉన్నా ఇవి నిజానికి అంత అరుదైనవి కావు. మన శ్రీకాకుళం తీరం నుంచి భీమునిపట్నం దాకా ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో రేర్ ఎర్త్ మూలకాలు ఉన్నాయి. ఖనిజం ఉన్నంత మాత్రాన శక్తి రాదన్నది ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం. ఒకదానితో ఒకటి కలగలిసి ఉండే ఈ మూలకాలను విడదీయడానికి ఆమ్లాలతో వందల దశల్లో శుద్ధి జరగాలి, ఆ క్రమంలో రేడియోధార్మిక వ్యర్థాలు మిగులుతాయి. కాలుష్యాన్ని, తక్కువ లాభాన్ని భరిస్తూ చైనా దశాబ్దాలపాటు ఆ పనిని పట్టుకుని కూర్చుంది. తక్కిన దేశాలు చవకగా వస్తోంది కదా అని వదిలేశాయి. ఫలితంగా ప్రపంచంలోని శుద్ధి సామర్థ్యంలో సుమారు 90 శాతం చైనా చేతికి చేరింది. విద్యుత్ కారు మోటారులోని అయస్కాంతానికి గాని, యుద్ధవిమానంలోని మోటార్లకు గాని ఈ మూలకాలు తప్పవు.

ఇప్పుడు 2025 ఘటనలను నోటుపుస్తకం గడుల్లో పెట్టి చూద్దాం. ఏప్రిల్‌లో లైసెన్సు నిబంధన వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి అమెరికా, ఐరోపా, జపాన్ వాహన కర్మాగారాలు అయస్కాంతాలు అందక కొన్ని విభాగాలను తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది, మన విద్యుత్ వాహన తయారీదారులకూ ఆ సెగ తగిలింది. మే 12న జెనీవాలో ఒప్పందం కుదిరి, అమెరికా 145 శాతం సుంకాన్ని 30 శాతానికి, చైనా 125 శాతాన్ని 10 శాతానికి దించాయి. సెప్టెంబరు చివర అమెరికా తన ఆంక్షల జాబితాలో ఉన్న సంస్థలకు 50 శాతం, అంతకు మించి వాటా ఉన్న అనుబంధ కంపెనీలన్నిటికీ ఆ ఆంక్షలను విస్తరించింది. అక్టోబరు 9న చైనా రేర్ ఎర్త్ నిబంధనలను మరింత బిగించింది. మరునాడే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 100 శాతం అదనపు సుంకం వేస్తామన్నారు. అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశారు. 100 శాతం సుంకం రాలేదు, ఉన్న సుంకం 10 శాతం పాయింట్ల మేర తగ్గింది. చైనా అక్టోబరు నిబంధనలను ఏడాదిపాటు, అమెరికా అనుబంధ కంపెనీల నిబంధనను ఏడాదిపాటు పక్కన పెట్టాయి. చైనా అమెరికా సోయాచిక్కుడు కొనుగోళ్లను తిరిగి మొదలుపెడతానని మాట ఇచ్చింది.

ఈ వరుసను తేదీలతో రాసుకున్నవారికి ఒక విషయం కంటికి కనిపిస్తుంది. సుంకం అనేది బెదిరింపుగా పెరిగి, బేరంలో తరిగిపోయే ఆయుధం. లైసెన్సు అనేది ఒక్క సంతకంతో కర్మాగారాన్ని ఆపగల ఆయుధం. చైనా సోయా కొనుగోళ్లు ఆపినప్పుడు అమెరికా రైతు నష్టపోయాడు, కాని చైనాకు బ్రెజిల్ సోయా దొరికింది. అయస్కాంతాల విషయంలో అమెరికాకు బ్రెజిల్ వంటి మరో ద్వారం లేదు.

అంతటితో చైనాదే పైచెయ్యి అనుకుంటే పొరపాటు, ఎందుకంటే చైనాకూ ఒక ముకుతాడు ఉంది. అత్యాధునిక చిప్‌లను ముద్రించే ఈయూవీ యంత్రాలను ప్రపంచంలో నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్ఎంఎల్ ఒక్కటే తయారు చేస్తుంది. అమెరికా ఒత్తిడితో ఆ యంత్రం చైనాకు అందలేదు. అత్యాధునిక చిప్‌లలో అత్యధిక భాగం తైవాన్‌లోని టీఎస్ఎంసీ కర్మాగారాల నుంచే వస్తాయి. 2022 అక్టోబరు 7న అమెరికా చిప్‌ల మీదా, వాటిని తయారు చేసే యంత్రాల మీదా విధించిన ఆంక్షలు ఈ పోటీలో పెద్ద మలుపు. మరుసటి ఏడాది ఆగస్టులో చైనా ఫోన్ల సంస్థ హువావే తమ దేశంలోనే తయారైన, అధునాతనమైన 7 నానోమీటర్ల చిప్‌తో ఫోనును విడుదల చేసినప్పుడు ఆంక్షలు వమ్మయ్యాయని కొందరన్నారు. అటువంటి వార్త వచ్చినప్పుడు ఆ చిప్ తయారైందా అన్నదానితో ఆగకుండా, ఎంత ఖర్చుతో, ఎన్ని తయారవుతున్నాయి అని అడగాలి.

ముకుతాడు తెంపుకోవడానికి ఎంత కాలం పడుతుందన్న అంచనాకు జపాన్ అనుభవం మంచి కొలమానం. 2010 సెప్టెంబరులో సెంకాకు దీవుల దగ్గర ఒక చైనా చేపల పడవ కెప్టెన్‌ను జపాన్ అరెస్టు చేసిన తరువాత, చైనా నుంచి జపాన్‌కు రేర్ ఎర్త్ సరఫరా స్తంభించింది. అప్పుడు జపాన్ సుమారు 90 శాతం చైనా మీద ఆధారపడి ఉంది. ఆస్ట్రేలియా గనుల్లో పెట్టుబడి పెట్టి, వాడకం తగ్గించి, నిల్వలు చేసుకుని, పదేళ్లకు పైగా శ్రమించినా ఆ ఆధారం సుమారు 60 శాతానికి మాత్రమే దిగింది. కనుక ఏ మంత్రి అయినా రెండు మూడేళ్లలో స్వయంసమృద్ధి సాధిస్తామని ప్రకటిస్తే, ఆ మాటను మొదటి గడిలో రాసి, పక్కన జపాన్ అని చిన్నగా రాసుకోండి.

సముద్రపు ఇరుకు దారులు

పటం దగ్గరికి వెళ్ళి మూడు చోట్ల ఎర్ర చుక్కలు పెట్టండి. మొదటిది హోర్ముజ్ జలసంధి: 2024లో ప్రపంచ చమురు వాడకంలో సుమారు ఐదో వంతు, అంటే రోజుకు దాదాపు 2 కోట్ల బారెళ్లు దీని గుండా సాగింది. రెండవది మలక్కా జలసంధి: సింగపూర్ దగ్గర ఒకచోట దీని వెడల్పు 3 కిలోమీటర్ల లోపే. చైనాకు వచ్చే చమురులో పెద్ద భాగం ఇటుగా వెళుతుంది కాబట్టి, 2003లోనే అప్పటి అధ్యక్షుడు హు జింటావో దీన్ని తమ దేశానికి ఒక చిక్కుముడిగా భావించారు. మూడవది తైవాన్ జలసంధి.

ఈ చుక్కలు పెట్టిన తరువాత చాలా వార్తలు వాటంతట అవే అతుక్కుంటాయి. 2017లో చైనా తూర్పు ఆఫ్రికాలోని జిబౌటిలో సైనిక స్థావరం ఎందుకు తెరిచిందో, అదే ఏడాది శ్రీలంకలోని హంబన్‌టోట రేవును 99 ఏళ్ల లీజుకు ఎందుకు తీసుకుందో, మలక్కా పడమటి ముఖద్వారానికి ఎదురుగా ఉన్న అండమాన్ నికోబార్ దీవులు మనకు ఎందుకంత విలువైనవో పటమే చెబుతుంది. 2024 అక్టోబరులో భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకాదళాల మలబార్ విన్యాసాలు విశాఖపట్నంలో జరిగినప్పుడు, అవి ఏ దారిని దృష్టిలో పెట్టుకుని జరిగాయో అడగవలసిన పని ఉండదు. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీల దాడులకు భయపడి ఎర్ర సముద్రపు దారి విడిచిన ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది, ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. ఒక చిన్న సాయుధ దళం ఇరుకు దారి పక్కన కూర్చుంటే మహాశక్తుల నౌకాదళాలు కూడా దాన్ని పూర్తిగా అడ్డుకోలేకపోయాయి.

డాలరు సంగతి

డాలరు కూలిపోతోందన్న వార్త ఏటా వస్తుంది. 1999లో ప్రపంచ దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలరు వాటా సుమారు 71 శాతం, 2024లో సుమారు 58 శాతం. పాతికేళ్లలో జారినది అంతే. చైనా యువాన్ వాటా ఇప్పటికీ 2 శాతం దగ్గరే ఉంది. అయితే 2022 ఫిబ్రవరిలో రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను పశ్చిమ దేశాలు స్తంభింపజేసిన తరువాత, మిగతా దేశాలు తమ డబ్బు కూడా ఇంకొకరి తాళం కింద ఉందని గ్రహించాయి. 2022, 2023, 2024 సంవత్సరాలలో కేంద్ర బ్యాంకులు ఏటా 1,000 టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వు బ్యాంకు దగ్గర 2025 మార్చి చివరికి సుమారు 880 టన్నులు ఉంది. బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా తదితర దేశాల కూటమి బ్రిక్స్ సమావేశంలో ఎవరు ఏమన్నారన్నదాని కంటే ఈ కొనుగోళ్లను గమనించండి.

మూడవ పక్షాన్ని చూడకుండా ముగించవద్దు

ఇద్దరి పోటీని ఇద్దరి పోటీగానే చూడడం చాలామంది చేసే తప్పు. మన రాజనీతిలో సంధి, విగ్రహం, యానం, ఆసనం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరు ఉపాయాలను షాడ్గుణ్యం అన్నారు. ఒప్పందం చేసుకోవడం, శత్రుత్వం పూనడం, దండెత్తడం, కదలకుండా వేచి ఉండడం, బలవంతుడి అండ చేరడం, ఒకరితో సంధి ఉంచుకుని మరొకరితో విరోధం నడపడం అని వాటికి స్థూలంగా అర్థం. నేటి వార్తలకు ఈ ఆరు మాటలు ఎంత చక్కగా సరిపోతాయో ప్రయత్నించి చూడండి. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా దాడిని ఖండించే తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేశాయి, 35 దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారత్, చైనా రెండూ ఆ 35లోనే ఉన్నాయి. తటస్థుల జాబితా తీసుకుని ఎవరిది ఆసనం, ఎవరిది ద్వైధీభావం అని ఒక్కొక్కరి పక్కన రాస్తే అదొక మంచి అభ్యాసం.

మూడవ పక్షం లెక్క ఎలా మారుతుందో చూపడానికి 1971 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. జులైలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లారు. అమెరికా, చైనా దగ్గరవుతున్నాయని తేలిన నెల రోజుల్లోపే, ఆగస్టు 9న భారత్ సోవియట్ యూనియన్‌తో ఇరవై ఏళ్ల మైత్రీ ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతానికి పంపింది, సోవియట్ నౌకలు దాని వెంట వచ్చాయి, భద్రతా మండలిలో సోవియట్ వీటో మనకు అండగా నిలిచింది, చైనా సైన్యం కదలలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఒక గీత మారితే త్రికోణంలోని మిగిలిన రెండు గీతలూ మారక తప్పదు.

విశాఖపట్నం రామకృష్ణ బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామిని చూసినవారు ఆ త్రికోణాన్ని చేత్తో తాకినట్టే. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఓడ అది. ఆ బంధం ఎలా పలచబడిందో సిప్రి అంకెలు చెబుతాయి: మనం దిగుమతి చేసుకున్న ఆయుధాలలో రష్యా వాటా 2010–14 మధ్య 72 శాతం, 2015–19 మధ్య 55 శాతం, 2020–24 మధ్య 36 శాతం. బలాబలాలు మారడం ఇలాగే ఉంటుంది. ఏ ఒక్క రోజూ పతాక శీర్షిక కాకుండా, ఐదేళ్లకు ఒక మెట్టు చొప్పున దిగుతూ పోతుంది.

అనువాదంలో జారిపోయే మాటలు

తెలుగులో ఈ వార్తలు చదివేవారు ఒక విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అమెరికా, చైనాల 1972 షాంఘై ప్రకటనలోనూ, 1979లో దౌత్య సంబంధాలు ఏర్పరచుకున్నప్పటి ప్రకటనలోనూ, తైవాన్ చైనాలో భాగమన్న వాదన విషయంలో అమెరికా వాడిన ఇంగ్లీషు మాట "అక్నాలెడ్జ్". మీరు అలా అంటున్నారన్న సంగతి మా దృష్టిలో ఉందని దాని భావం. అదే 1979 ప్రకటనలో బీజింగ్ ప్రభుత్వమే చైనాకు ఏకైక చట్టబద్ధ ప్రభుత్వమన్న విషయంలో వాడిన మాట "రికగ్నైజ్", అంటే మేము ఒప్పుకుంటున్నామని. తెలుగులో రెండింటినీ "గుర్తించింది" అనే రాసేస్తుంటాం. ఆ ఒక్క మాటతో యాభై ఏళ్లుగా అమెరికా జాగ్రత్తగా కాపాడుకుంటున్న తేడా చెరిగిపోతుంది. 1979 ప్రకటన చైనా భాషా ప్రతిలో కూడా ఒప్పుకోలు అన్న అర్థం వచ్చే మాట పడింది, అమెరికా తనకు ఇంగ్లీషు ప్రతే ప్రమాణమని చెప్పింది.

అందువల్ల ముఖ్యమైన ఉమ్మడి ప్రకటన వచ్చినప్పుడు తెలుగు వార్తతో ఆగకుండా మూల ప్రతిని మన విదేశాంగ శాఖ వెబ్‌సైటులో తెరిచి, కిందటి ప్రకటనతో వాక్యానికి వాక్యం పోల్చండి. కొత్తగా చేరిన మాటల కంటే మాయమైన మాటలు ఎక్కువ చెబుతాయి. దాదాపు 2010 నుంచి చైనాతో ఉమ్మడి ప్రకటనల్లో, తైవాన్‌తో సహా చైనా ఒక్కటేనన్న "ఒకే చైనా" విధానాన్ని పునరుద్ఘాటించడం భారత్ మానుకుంది. ఎవరూ పత్రికా సమావేశం పెట్టి చెప్పని ఆ మార్పు, కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నవారికే కనబడుతుంది.

తీగను మన ఊరి దాకా లాగడం

ఆఖరి అభ్యాసం కొంచెం కష్టమైనదే గాని, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఏ పెద్ద వార్తనైనా మీకు తెలిసిన ఊరి దాకా లాగి చూడండి. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు. ఆంక్షల తరువాత రష్యా ధర తగ్గించడంతో అది మూడో వంతుకు పైగా పెరిగింది. ఆ కొనుగోళ్లను కారణంగా చూపి 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేసి మొత్తాన్ని 50 శాతం చేసింది. మన దేశం నుంచి రొయ్యలను అత్యధికంగా కొనేది అమెరికా, వాటిని అత్యధికంగా పండించేది ఆంధ్రప్రదేశ్. అప్పుడు భీమవరం చెరువు గట్టు మీద రైతుకు పలికిన కౌంటు ధరలో (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) ఉక్రెయిన్ యుద్ధం, రష్యా చమురు ధర, వాషింగ్టన్ ఉత్తర్వు అన్నీ కలిసి ఉన్నాయి. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు అని మన పెద్దలన్నది ఇటువంటి రైతుల గురించే అనిపిస్తుంది, ఆ నష్టాన్ని ఏ అంతర్జాతీయ వ్యాసమూ లెక్కలో వేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మరొక తీగ హైదరాబాద్‌ది. సోవియట్ సాయంతో ఇక్కడ వెలసిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం నుంచి బయటికి వచ్చిన నిపుణులు నగరం చుట్టూ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమను పెంచారు, అంటే ఒకనాటి అగ్రరాజ్యాల పోటీ మనకు మేలు కూడా చేసింది. ఈనాడు ఆ పరిశ్రమకు కావలసిన ముడి రసాయనాలలో పెద్ద భాగం చైనా నుంచి వస్తోంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులు ప్రాణాలర్పించారు. ఆ నెలాఖరుకే ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది, దేశమంతా ఆగ్రహం పెల్లుబికింది. అయినా 2024–25లో చైనాతో మన వాణిజ్య లోటు 9,920 కోట్ల డాలర్లకు పెరిగింది. ఆగ్రహం ఒక రోజులో పుడుతుంది, ఒక మందు ముడిసరుకుకు ప్రత్యామ్నాయం పుట్టడానికి మాత్రం కర్మాగారం, విద్యుత్తు, నీరు, నిలకడైన కొనుగోలుదారు, కొన్నేళ్ల కాలం కావాలి. దశాబ్దాల విరామం తరువాత 2024లో కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి తయారీ మొదలవడం అటువంటి ఒక అడుగు. ఆ కర్మాగారం చైనా ధరల పోటీకి నిలబడుతుందా లేదా అన్నది ఏ శిఖరాగ్ర సమావేశం కంటే తక్కువ వార్త కాదు.

ఇప్పుడు నోటుపుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి, పైన 2026 నవంబరు 10 అని రాయండి. రేర్ ఎర్త్‌ల మీద చైనా పక్కన పెట్టిన అక్టోబరు నిబంధనల గడువు ముగిసే తేదీ అది. మూడవ గడిలో చైనా బయట శుద్ధి కర్మాగారాలు, అయస్కాంతాల కర్మాగారాలు ఎన్ని ఉత్పత్తి మొదలుపెట్టాయో, అటువైపు చైనాలో చిప్ యంత్రాల తయారీ ఎంత ముందుకు వచ్చిందో కనబడినప్పుడల్లా ఒక్కొక్క వాక్యం చేర్చండి. ఆ తేదీ రావడానికి వారం ముందు, ఎవరు మెత్తబడతారో మీ అంచనాను పెన్సిలుతో కాకుండా పెన్నుతో రాసి, కింద తేదీ వేయండి.